తలుపు తీయని పిల్ల

మై థువాంగ్ ఊరు, థాయ్ బిన్ జిల్లా
1994, రెండో నెల, పౌర్ణమి మర్నాడు

తమ్ముడు థిన్‌కి,

అక్క లువా దీవెనలు. ఇక్కడ నేను, నీ మేనకోడలు మియెన్, దాని మొగుడు, పిల్లలిద్దరూ, పెరట్లో పందీ అందరం బాగానే ఉన్నాం. ఉన్నవాళ్ళలో ఎక్కువ బాగున్నది పందే. అక్కడ కొండల మీద నువ్వూ, మరదలూ, పిల్లలూ, నీ కాఫీ చెట్లూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం కొత్త సంవత్సరం పండగ వెళ్ళిన పదో రోజున అందింది. జవాబు ఆలస్యమైందని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఇది నాలుగోది. దీన్ని చించను.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెప్తాను. ముందు మోకాలు. కుడిది చలికాలమంతా మాట వినలేదు. మియెన్ నిమ్మగడ్డి వేసి కాచిన నీళ్ళు పోస్తుంటే ఇప్పుడు కాస్త వంగుతోంది. మగ్గం ముందు కూర్చోగలుగుతున్నాను, లేవడానికే ఇంకొకరు కావాలి. రెండోది తుంగ. చివరి కోత వానలో తడిసింది నిజమే. సగం నల్లబడింది. నల్లబడినదాన్ని పారేయకుండా ఎర్ర రంగు వేసి అంచులకు వాడాను. సంతలో ఒకావిడ ఆ అంచే బాగుందని నాలుగు చాపలు పట్టుకుపోయింది. కాబట్టి నా గురించి దిగులు పెట్టుకోకు.

ఇక మూడోది. "అక్కా, పుస్తకంలో నీ పేరు పడిందని ఇక్కడ కనపడినవాడికల్లా చెప్పుకున్నాను. నువ్వేమో బళ్ళో అందరి ముందూ ఆ ప్రశంసాపత్రం వాళ్ళ మొహాన కొట్టి వచ్చావని మియెన్ రాసింది. కథే కదా, చివర్లో కాస్త మారిస్తే ఏం మునిగింది?" అన్నావు.

మొహాన కొట్టలేదు. బల్ల మీద పెట్టాను. పెట్టేటప్పుడు చప్పుడైంది, అంతే. ఏం మునిగిందో చెప్తాను విను.

నిరుడు శరత్కాలంలో ఉయెన్ అని ఒక అమ్మాయి సైకిలు మీద వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. పల్లెల్లో ముసలివాళ్ళు చెప్పే కథలు పోగుచేసి పిల్లలకు పుస్తకం వేస్తున్నారట. ఒళ్ళో టేపు రికార్డరు పెట్టుకుని, "బామ్మా, మీకు కథలు చాలా వచ్చని సంతలో చెప్పారు" అంది.

"నాకు ఊరికే కూర్చుని చెప్పడం రాదమ్మా. మగ్గం ఆడుతుంటేనే నోరు ఆడుతుంది. నువ్వు ఆ పుల్ల పట్టుకుని తుంగ అందించు, నేను నేస్తూ చెప్తా" అన్నాను.

పాపం, మొదటి రోజు వేళ్ళన్నీ కోసుకుంది. అయినా మర్నాడు గుడ్డపీలికలు చుట్టుకుని మళ్ళీ వచ్చింది. పిల్ల నాకు నచ్చింది. పన్నెండు రోజులు వచ్చింది. పదకొండు కథలు చెప్పాను, ఏడు చాపలు దిగాయి. పులికి జోలపాడిన ముసలమ్మ కథ, వాన దేవుడి గొడుగు ఎత్తుకుపోయిన కప్ప కథ, బాతుకు లంచమిచ్చిన పెళ్ళికొడుకు కథ అన్నీ చెప్పాను. అన్నిటికన్నా ఆఖర్న ఆ కథ చెప్పాను. నీ కథ. "ఇది మీకెవరు చెప్పారు బామ్మా?" అని అడిగితే "మా అమ్మమ్మ" అన్నాను.

నీకు తెలిసిన కథే. అయినా నీ మనవరాలికి చదివి వినిపిస్తావని ఇక్కడ మొత్తం రాస్తున్నాను. ఒక్క ముక్క మార్చకుండా వినిపించు.

అనగనగా ఒక కరువు ఏడు. ఆకలి దయ్యం ఊళ్ళోకి దిగింది. దాని కాళ్ళు గడ్డిపరకలంత, కడుపు ధాన్యం గాదె అంత. ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టి, లోపలివాళ్ళకు బాగా కావలసినవాళ్ళ గొంతుతో పిలిచేది. తలుపు తీస్తే లోపలికి వచ్చి పొయ్యి మీద కూర్చునేది. ఇక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఒక తల్లి తన ఇద్దరు బిడ్డలను లోపల పెట్టి, తవుడు మూట వీపుకు కట్టుకుని, వాసన వెనక దయ్యానికి తగిలేలా గాలికి ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళింది. దయ్యం ఆమె వెంటపడింది. మూడు రోజులకు మూటలో తవుడు అయిపోయింది. అప్పుడు దయ్యం వెనక్కి తిరిగి ఆ ఇంటికే వచ్చి, అచ్చం తల్లి గొంతుతో, "తల్లీ, తలుపు తియ్యి, ఇంత పెట్టు" అంది. "అమ్మ!" అని తమ్ముడు లేచాడు. అక్క వాణ్ణి పట్టుకుంది. "ఒరే, మన అమ్మ ఇంటికి రాగానే ముందు ఏమంటుంది?" "తిన్నారా అంటుంది." "మరి ఇది ఏమంటోంది?" "పెట్టమంటోంది." "అయితే ఇది అమ్మ కాదు." ఆ పిల్ల పొయ్యిలోని వేడి ఊకబూడిద తీసి తలుపు సందులోంచి దయ్యం కళ్ళలో కొట్టింది. దయ్యం గుడ్డిదైపోయింది. ఈనాటికీ గోడలు తడుముకుంటూ తిరుగుతూనే ఉంది. అందుకే మన దగ్గర ఎవరింటికి ఎవరు వెళ్ళినా ముందు "తిన్నారా?" అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళకే తలుపు తీస్తారు. తల్లి మాత్రం తిరిగి రాలేదు. వస్తే దయ్యానికి దారి తెలిసిపోతుందని ఇంకా నడుస్తూనే ఉంది.

అదీ కథ. పండగకు నెల ముందు పుస్తకం వచ్చింది. మంచి కాగితం, రంగుల బొమ్మలు. మియెన్ చదువుతుంటే నేను చాప అంచు కుడుతూ వింటున్నాను. చివరికొచ్చేసరికి అది గొంతు తగ్గించింది.

"ఏమైందే? చదువు" అన్నాను.

"అమ్మా, ఇక్కడ వేరేగా ఉంది."

"ఎంత వేరేగా ఉంటే అంత గట్టిగా చదువు."

పుస్తకంలో తలుపు బయట ఉన్నది నిజంగా తల్లేనట. ఆమె పక్కన దయగల అధికారి ఒకాయన బియ్యం బస్తాతో నిలబడ్డాడట. పిల్ల పరుగెత్తి వెళ్ళి తలుపు తీసిందట. అందరూ కడుపునిండా తిన్నారట. బొమ్మలో ఆ పిల్ల బుగ్గలు చూడాలి నువ్వు! గుమ్మడికాయలే. కరువులో అలాంటి బుగ్గలు ఎవరికున్నాయో ఆ బొమ్మ వేసినవాణ్ణి అడగాలనిపించింది. కింద "అమ్మమ్మల నాటి ప్రాచీన గాథ, చెప్పినవారు లువా" అని నా పేరు. నేను చెప్పనిదానికి నా పేరు!

ఉయెన్‌కి కబురు పెట్టాను. వచ్చి గుమ్మంలోనే తల వంచుకుని నిలబడింది. "నేను మీరు చెప్పింది చెప్పినట్టే రాసిచ్చాను బామ్మా. బాంగ్ మాస్టారు మార్చారు. పుస్తకానికి పెద్ద ఆయనే. పిల్లల చేత తల్లి మొహాన తలుపు వేయించడం మంచి నీతి కాదన్నారు."

"తల్లి మొహాన ఎవరు వేశారు? ఆ పిల్ల వేసింది దయ్యం మొహాన."

"నేనూ అదే అన్నాను. చిన్నపిల్లవి, నీకు తెలియదన్నారు."

పండగకు ముందు మన ఊరి బళ్ళో ఆ పుస్తకం పిల్లలకు పంచే సభ పెట్టారు. నాకు ప్రశంసాపత్రం ఇస్తామన్నారు. మియెన్ అదే బళ్ళో రెండో తరగతి పంతులమ్మ కదా, బయలుదేరే ముందు నా చొక్కా బొత్తాలు పెడుతూ బతిమాలింది. "అమ్మా, పుస్తకంలో ఉన్నట్టు చెప్పేసి వచ్చెయ్. నేను ఆ బళ్ళో పనిచేసుకోవాలి."

"నీ పని నువ్వు చేసుకో. నా పని నేను చేసుకొస్తాను" అన్నాను.

బడి ఆవరణ నిండా పిల్లలు. హెడ్మాస్టరు, ఊరి పెద్దలు, మధ్యలో బాంగ్ మాస్టారు. ఎండుకొబ్బరి చిప్పలాంటి మనిషి, నా ఈడువాడే. పత్రం నా చేతికిచ్చి, మైకు ముందు నిలబెట్టి, "లువా అక్కగారు ఇప్పుడు కథ వినిపిస్తారు. పుస్తకం తెరిచి పెట్టుకోండి పిల్లలూ, చూసుకుంటూ వినండి" అన్నాడు.

"పుస్తకాలు మూసెయ్యండి పిల్లలూ. ఇందులో తప్పు పడింది" అన్నాను.

నవ్వులు మొదలయ్యాయి. చెప్పడం మొదలుపెట్టాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్క పిల్ల కదల్లేదు. "ఇంత పెట్టు" అని నేను గొంతు మార్చి అంటే ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు పట్టుకున్నారు. అప్పుడు మైకు ఆగిపోయింది. తీగ పీకేశారు. హెడ్మాస్టరు పళ్ళన్నీ బయటపెట్టి, "కరెంటు పోయినట్టుంది బామ్మగారూ, ఇక కూర్చోండి" అన్నాడు. ఆయన తల మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

"నలభై ఏళ్ళు మగ్గం చప్పుడు మీద కథలు చెప్పినదాన్ని నాయనా, నాకు మైకెందుకు?" అని అరుగు దిగి పిల్లల మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. బూడిద కొట్టేశాను. దయ్యాన్ని గుడ్డిదాన్ని చేశాను. తల్లిని నడిపించాను. పిల్లలు ఈలలు వేశారు.

వెనక వరసలో ఒక పిల్ల లేచింది. రెండు జడలు, మొహమంతా సిరా. "బామ్మా, ఒకవేళ అక్కడుంది నిజంగా అమ్మే అయితే? ఆకలేసి, తిన్నారా అని అడగడం మర్చిపోయిందేమో?"

ఒరే థిన్, ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆవరణలో అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. బాంగ్ మాస్టారు కూడా నా వంకే చూస్తున్నాడు.

"అయితే అయ్యుండొచ్చు తల్లీ. అయినా ఆ పిల్ల తీయలేదు. కథ అదే" అన్నాను. అని, బల్ల దగ్గరికి వెళ్ళి పత్రం అక్కడ పెట్టేసి, మోకాలు గుంజుతున్నా ఎక్కడా ఆగకుండా ఇంటికి వచ్చేశాను.

నాలుగు రోజులు ఊళ్ళో నా మాటే. "లువాకి తల తిరిగింది" అన్నవాళ్ళున్నారు. "పెద్దవాళ్ళు గౌరవిస్తే కాలదన్నుకుంది" అన్నవాళ్ళున్నారు. మియెన్‌ని వాన కారే గదికి మార్చాడు హెడ్మాస్టరు. అది ఏడవలేదు గానీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను రెండు పాత చాపలు చంకన పెట్టుకుని, అల్లుడి చేత నిచ్చెన మోయించుకుని వెళ్ళి ఆ గది కప్పుకు లోపలినుంచి కట్టించి వచ్చాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రం మియెన్ నా పళ్ళెంలో పెద్ద చేపముక్క వేసింది. రాజీ అయిపోయింది.

ఐదో రోజు పొద్దున్న, సన్నజల్లు పడుతుండగా, బాంగ్ మాస్టారు వచ్చాడు. ఒక్కడే. సైకిలు గోడకి ఆనించి, గుమ్మం బయటే నిలబడి, "తిన్నారా అక్కగారూ?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. "కథ మార్చడం వచ్చినాయనకి కథ బాగానే గుర్తుందే! రండి" అన్నాను. టీ పోశాను. తమలపాకులు ముందుకు తోశాను. ఆయన దేన్నీ ముట్టుకోలేదు.

"మీరు నా మీద కోపంగా ఉన్నారు" అన్నాడు.

"ఉన్నాను. మీరు పోయాక కూడా ఉంటాను."

"నీతి కోసం మార్చానని ఆ అమ్మాయితో చెప్పాను. అది నిజం కాదు." చేతిలో గొడుగును అటూ ఇటూ తిప్పాడు. "మాది నది కింది పాయ పక్కన ఊరు. ఆ కరువు ఏడు నాకు పదకొండేళ్ళు. ఒక ముసలాయన మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చి మా తలుపు తట్టాడు. మా అమ్మ తీసింది. మాకున్నది ఒక చట్టిలో తవుడు జావ. సగం వాళ్ళకి పోసింది. మర్నాడు ఇంకొకరొచ్చారు. మళ్ళీ తీసింది. మా అమ్మ ఎవరికీ లేదనలేకపోయేది. నెల తిరిగేసరికి మా చెల్లెళ్ళిద్దరూ పోయారు. తర్వాత అమ్మ. నేనొక్కణ్ణి మిగిలాను."

నేను తమలపాకుల పళ్ళెం పక్కకు జరిపాను.

"ఆ తలుపు తీసినందుకు ఒక్కసారైనా, ఒక్క కథలోనైనా, బయట బియ్యం బస్తా ఉండాలని అనిపించింది అక్కగారూ. మీ కథ టేపులో విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే మార్చి పారేశాను" అన్నాడు.

అరవైకి దగ్గరపడిన మనిషి నా చాప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడిచాడు. అప్పుడు నేనూ ఆయనకొకటి చెప్పాను. అమ్మమ్మకు చెప్పనిది, మీ బావ బతికుండగా ఆయనకూ చెప్పనిది. బయటివాడికి చెప్పి నీకు చెప్పకపోవడం అన్యాయం. అందుకే ఈ ఉత్తరం. నీ నాలుగో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. "చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడల్లా నాకు లేచి తలుపు తీయాలనిపించేది అక్కా, ఎందుకో?" అని అడిగావు చూడు, దానికి.

ఆ కథ అమ్మమ్మది కాదు. నాది. తొమ్మిదేళ్ళప్పుడు నేనే కట్టాను.

యుద్ధం రోజుల్లో జపాను వాళ్ళు మన పొలాల్లో వరి పీకించి జనుము వేయించిన మరుసటి వసంతం అది. ముందు శరత్కాలంలో నాన్న జ్వరంతో పోయాడు. నీకు నాలుగు దాటి ఐదు. రెండో నెలలో ఒక ఉదయం అమ్మ కడుపు చుట్టూ గుడ్డ బిగించి కట్టుకుంది. పట్నంలో రేవు దగ్గర తవుడు దొరుకుతోందని ఎవరో అన్నారట. కొబ్బరి చిప్పలో చివరి తవుడు, రెండు అరటి దుంపలు నాకు అప్పజెప్పి, "తమ్ముడికి చిటికెడు చిటికెడుగా పెట్టు. నేను వచ్చేదాకా తలుపు తియ్యకు. ఎవరొచ్చినా సరే, ఎవరడిగినా సరే" అంది. నీ తల నిమిరి వెళ్ళిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి మన తలుపుకు ఆనుకున్నారు. ఆడమనిషి. "తల్లీ... తియ్యి... ఇంత..." అంది. ఆకలి ముదిరాక అందరి గొంతూ ఒక్కటైపోతుంది థిన్. ఆ నెలలో అలాంటి గొంతులు రోజుకు పది వినేవాళ్ళం. కానీ నువ్వు "అమ్మ!" అని లేచి పరుగెత్తావు. నేను వెనకనుంచి పట్టుకుని నీ నోరు మూశాను. కొరికావు. నా కుడి బొటనవేలి కింద ఉన్న మచ్చ అదే. మగ్గం పలక కింద నలిగిందని నీకు ఎన్నోసార్లు చెప్పాను, అబద్ధం.

చిప్పలో ఇంకా రెండు పిడికిళ్ళ తవుడుంది. తలుపు తీస్తే అది ముగ్గురి తవుడవుతుంది. నాకు లెక్కలు రావు గానీ ఆ లెక్క మాత్రం తెలిసింది.

తెలియక తీయలేదని నీతో అనొచ్చు. చిన్నపిల్లను, భయపడ్డానని అనొచ్చు. అనను. అమ్మ కావచ్చని నాకు అప్పుడే అనిపించింది. అనిపించీ తీయలేదు. బూడిదా గీడిదా ఏమీ లేదు, మన పొయ్యి చల్లారి అప్పటికి రెండు రోజులైంది. ఊరికే నిన్ను ఒళ్ళో బిగించి పట్టుకుని కూర్చున్నాను. గోళ్ళు కాసేపు తలుపు మీద గీరాయి. తర్వాత ఆమె జారి కూర్చున్న చప్పుడు. నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. నీ ఏడుపు ఆపడానికి నీ చెవిలో చెప్పాను, అది అమ్మ కాదురా, ఆకలి దయ్యం, అమ్మయితే ముందు తిన్నారా అని అడుగుతుంది కదా అని. నువ్వు ఆలోచించి, అవునన్నావు. నీకు చెబుతూ చెబుతూ నేను కూడా నమ్మడం మొదలుపెట్టాను. కథ అక్కడ పుట్టింది.

మర్నాడు పొద్దున్న శవాల బండి చక్రాల చప్పుడు వినిపించింది. అది వెళ్ళిపోయాక తలుపు తీశాను. గుమ్మం తడిగా ఉంది. ఎవరూ లేరు. ఎవరిని ఎత్తుకెళ్ళారో అడుగుదామంటే చుట్టుపక్కల ఇళ్ళలో పలికేవాళ్ళు లేరు. అమ్మ తిరిగి రాలేదు. ఎక్కడ పోయిందో చూసినవాళ్ళూ లేరు. ఆ తవుడు ఇంకో నాలుగు రోజులు నీ నోట్లో వేశాను. తర్వాత కాలవలో పీతలు, నాచు, ఏవేవో. నాలుగో నెలలో అమ్మమ్మ నది దాటి వచ్చేసరికి నీకింకా ఊపిరుంది.

ఆమె ఎవరో నాకు తెలియదు. నలభై తొమ్మిదేళ్ళుగా తెలియదు. ఇక తెలియదు కూడా.

ఇదంతా విని బాంగ్ మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే మనిద్దరిలో ఎవరిది రైటు అక్కగారూ?" అన్నాడు.

"మా చిప్పలో ఉన్నది రెండు పిడికిళ్ళ తవుడు. మీ చట్టిలో ఉన్నది ఒక పూట జావ. అందులో రైటూ తప్పూ ఎక్కడ పడతాయి మాస్టారూ? మీ అమ్మ తీసింది, గొప్ప మనిషి. ఆమె కథ మీరు రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి, బియ్యం బస్తా పెట్టకండి. ఆమె బస్తా కోసం తీయలేదు కదా. నా తలుపు మాత్రం తియ్యకండి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పుస్తకాలు అచ్చయిపోయాయన్నాడు, పైవాళ్ళు ఏమంటారోనన్నాడు. "పైవాళ్ళలో ఆ ఏడు బతికి బయటపడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికి పంపండి, లేకపోతే నోరు మూసుకోమనండి" అన్నాను. చివరికి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి లేచాడు. మొన్న ఉయెన్ వచ్చింది. ఇంకా పంచని పుస్తకాల్లో ఆ పేజీ మీద కొత్త కాగితం అంటిస్తున్నారట. ఒకటి తెచ్చి చూపించింది. నా ముగింపే ఉంది. జిగురు సరిగ్గా అంటక మూల లేచింది గానీ, ఒక్క మాట మారలేదు. కింద "అమ్మమ్మల నాటి" అన్నది తీసేయించాను. "లువా కట్టిన కథ" అని వేయించాను. గుమ్మడికాయ బుగ్గల బొమ్మ మీద ఆ కాగితమే పడింది, అదీ నా మంచికే. హెడ్మాస్టరు ఇప్పటికీ నన్ను చూస్తే దారి మార్చుకుంటాడు. వెడల్పయిన దారే, మార్చుకోనీ.

ఇదంతా చదివి నీకు కోపం రావచ్చు. కోప్పడు. నిన్ను అమ్మ దగ్గరికి వెళ్ళనివ్వలేదని అనిపిస్తే అను, పడతాను. కానీ క్షమించమని మాత్రం నిన్ను అడగను. ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చినా, చిప్పలో అవే రెండు పిడికిళ్ళుంటే, నీ నోరు మళ్ళీ మూస్తాను. నువ్వు ఇంకో వేలు కొరుక్కో. నీకు ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు, కొండ నిండా కాఫీ చెట్లు. వాటి ముందు నిలబడి నేను చేసింది తప్పని ఎవరినైనా చెప్పమను.

ఏడుపొస్తే మాత్రం అక్కడ ఒంటరిగా ఏడవకు. బస్సెక్కి ఇక్కడికొచ్చి ఏడువు.

ఒక్క విషయం మార్చాను, నీకు చెప్పకుండానే. ఇన్నేళ్ళూ అమ్మ తద్దినం ఆమె ఇల్లు విడిచి వెళ్ళిన రోజున పెట్టుకుంటూ వచ్చాం. ఈ ఏడు ఆ రోజు పెట్టలేదు. మూడో రోజు దాకా ఆగి, ఆవిడ మన తలుపుకు ఆనుకున్న రోజున పెట్టాను. పెద్దలు ఒప్పుకోరని మియెన్ నసిగింది. పెద్దదాన్ని నేనే అన్నాను. పూజపీఠం మీద రెండు గిన్నెలు పెట్టాను, నిండా తెల్లన్నం, పైన గుడ్డు, పక్కన చేప. ఒకటి అమ్మకి. ఒకటి తలుపు బయట కూర్చున్నావిడకి. ఆవిడకి పేరు తెలియదు కనుక, "ఆ రోజు తీయలేదు, ఇదిగో ఇప్పుడు తిను" అని మాత్రం అన్నాను. ఇకనుంచి ఏటేటా అంతే. వాళ్ళిద్దరూ వేరువేరు అయితే చెరొక గిన్నె. ఒక్కరే అయితే, రెండు గిన్నెలూ అమ్మే తింటుంది.

ఇట్లు,
నీ నోరు మూసి నిన్ను బతికించుకున్న
మీ అక్క
లువా